స్వాతివానయు, ముత్యపుచిప్పయు

స్వాతికార్తెలో రాలిన చినుకు, నోరు తెఱచుకొని నీటిపై తేలుచుండు ముత్యపుచిప్పలో పడినచో ముత్యమగుననియు, అదే చినుకు పాము నోటబడినచో విషమగుననియు మా నాయనమ్మ చెప్పుచుండగా విని పెరిగినవాడను నేను. ఆమె ముక్కున బులాకీకి కందిగింజంత ముత్యమొకటి వ్రేలాడుచుండెడిది. కథ చెప్పునపుడు పెదవులు కదలినకొలది ఆ ముత్యమును కదలుచుండుటచేత, అది ఏనాడో ఆకాశమునుండి జాఱి, గట్టిపడి, ఆ చోట నిలిచిపోయిన వానచుక్కయే యని నాకు తోచుచుండెడిది. పెద్దవాడనై, నాలుగు పుస్తకములు చదివి, ముత్యమునకును స్వాతివానకును సంబంధము లేదని తెలిసికొన్న పిదపను, ముత్యము పుట్టుచోటును ఒకమాఱు కన్నులార చూడవలెనను కోరిక మాత్రము నన్ను విడువలేదు. జపాను దేశమున నాగోయా నగరములో ఉద్యోగము చేయుచున్న మా మేనల్లుడు జూన్ మాసమున తనయింటికి రమ్మని పిలిచినపుడు, ముత్యపుచిప్పలను పెంచు అగో అఖాతము అచటికి ఎంతదూరమని మొట్టమొదట అడిగితిని.

నాగోయానుండి కింటెట్సు రైలు దక్షిణముగా సాగి, ఇసె మహాక్షేత్రమును దాటి, కొండలనడుమ వంకరలు తిరుగుచు పోయి, కాషికోజిమా అను చిన్నదీవిలో ఆగును. పట్టాలు అచటితో సరి. స్టేషనునుండి వాలుగా నాలుగడుగులు దిగినచో అగో అఖాతపు నీరు. అది సముద్రమే యైనను సముద్రమువలె నుండదు. పూర్వమెన్నడో నదులు కోసిన లోయలలోనికి సముద్రము ఎక్కివచ్చుటచేత ఏర్పడిన తీరమగుటవలన, భూమి ఱంపపుపండ్లవలె నీటిలోనికి చొచ్చుకొనివచ్చి, నీరు వ్రేళ్లవలె భూమిలోనికి చొచ్చుకొనిపోయి, ఏది దీవియో ఏది గట్టో తెలియకుండ ఒండొంటితో పెనవైచుకొని యుండును. అఱువది వఱకు దీవులున్నవట. బయట పసిఫిక్ మహాసముద్రపు కెరటము ఎంత ఉద్ధృతముగా లేచినను, ఈ మలుపులన్నియు తిరిగివచ్చునప్పటికి దాని ఉగ్రత చల్లారి, మన కోనసీమ కాలువలోని నీటివలె మెల్లగా గట్టును తాకును. నిశ్చలమైన ఆ నీటిపై వరిమడులవలె వరుసలు దీఱిన తెప్పలు కానవచ్చును. పైకి అగపడునవి కట్టెలు మాత్రమే; పంట అంతయు క్రింద నీటిలో వ్రేలాడుచుండును.

తెప్పలకడకు పోవుటకు ముందు ఒక సంగతి చెప్పవలెను. మన కాకినాడ అఖాతమునను భీమునిపట్నపు తీరమునను దొఱకు ఆలుచిప్ప వేఱు, ముత్యపుచిప్ప వేఱు. ఆలుచిప్ప తన యెడమచిప్పను సున్నముతో అతికినట్లు రాతికి అతికించుకొని, జన్మమంతయు కదలక యుండును. దాని లోపలిభాగము వెల్లవేసిన గోడవలె పాలిపోయి యుండును. అందు ఎప్పుడైన గుండ్రని గట్టిపదార్థ మేర్పడినను దానికి ముత్యపు మెఱుపు రాదు. ముత్యపుచిప్ప యట్లుగాక, పట్టుపోగులవంటి సన్నని తంతువులతో ఆధారమును పట్టుకొని వ్రేలాడును. దాని లోపలివైపు ఇంద్రధనుస్సు రంగులు దాల్చి తళుకొత్తుచుండును. ఏ పూతను ఆ ప్రాణి తన యింటిగోడలకు పూసికొనునో, ఆ పూతనే ఒక పూస చుట్టును పూసినచో అది ముత్యము. అగో అఖాతమున పెంచు జాతిని జపానువారు అకోయా యందురు. అరచేతిలో ఇముడునంతటి చిన్నచిప్ప. మన తూత్తుకుడి దగ్గఱ మన్నారు సింధుశాఖలో దొఱకు ముత్యపుచిప్ప దానికి మిక్కిలి దగ్గఱి చుట్టము.

ప్రకృతిలో ముత్యము పుట్టుట ఆ ప్రాణి కొక ఆపద. చిప్పలోని మెత్తని దేహమును కప్పియుండు పలుచని పొరను శాస్త్రజ్ఞులు ప్రావారమందురు. చిప్పను కట్టునది ఆ ప్రావారపు పైకణములే. ఏ పరాన్నజీవియో, ఏ గాయమో ఆ కణములలో కొన్నింటిని లోపలి మాంసములోనికి నెట్టినచో, అవి పరస్థలమునందును తమ స్వధర్మమును మఱువక, చిన్నసంచిగా ఏర్పడి, ఆ సంచిలోనికి ముత్యపు పూతను స్రవించుచుండును. ఇసుకరేణువు చుట్టును ముత్యము కట్టునను మాట లోకమున వ్యాపించియున్నది గాని, అసలు కారణము చోటు తప్పిన ఈ కణములే. ఇట్టి ఆపద అరుదగుటచేత వేలకొలది చిప్పలు తెఱచినను ఒక మేలిముత్యము దొఱకుట దుర్లభము. అందుచేతనే అది రాజుల బొక్కసములకు మాత్రమే దక్కుచుండెడిది.

ఈ యరుదైన ఆపదను మనుష్యుని సేద్యముగా మార్చిన కథ ఈ తీరముననే నడచినది. టోబా పట్టణమున 1858లో ఒక పూటకూటి అంగడివాని యింట పుట్టిన కొకిచి మికిమోటో, విచ్చలవిడిగా ఏఱుటచేత చిప్పలు అంతరించుచుండుట చూచి, 1888లో అగో అఖాతమున చిప్పల పెంపకము మొదలుపెట్టెను. చిప్పలోనికి అన్యపదార్థమును చొప్పించి ముత్యము కట్టింపవచ్చునని అతనికి బోధించినవాడు టోక్యో విశ్వవిద్యాలయపు జంతుశాస్త్రాచార్యుడు కకిచి మిత్సుకురి. సూక్ష్మజీవులు మితిమీఱి పెరిగి సముద్రము ఎఱ్ఱబాఱు 'ఎఱ్ఱనీరు' వచ్చి చిప్పలనేకము చచ్చెను. అయినను 1893 జులై 11వ తేదీన, టోబా కెదుటనున్న చిన్నదీవికడ అతడును భార్య ఉమెయు తెఱచిన చిప్పలో, గోడ కంటుకొని సగము గుండ్రనైన ముత్యమొకటి కానవచ్చెను. 1896లో ఆ పద్ధతికి పేటెంటు లభించినది. ఆ యేడే ఉమె కన్నుమూసెను. పూర్ణవర్తులమైన ముత్యమునకు త్రోవచూపినది మాత్రము, పూసతోబాటు వేఱొక చిప్పనుండి తీసిన ప్రావారపు ముక్కను కూడ దేహములో నాటు విధానము. దానిని 1907 ప్రాంతమున తత్సుహెయి మిసె, తోకిచి నిషికావా అను ఇరువురు వేర్వేఱుగా సాధించిరి. నేడు టోబాలోని ఆ దీవి మికిమోటో ముత్యాల దీవి యను పేర ప్రదర్శనశాలయై యున్నది. తెల్లని బట్టలు ధరించి ఊపిరి బిగబట్టి సముద్రములో మునుగు 'అమా' స్త్రీలను యాత్రికుడు అచట చూడవచ్చును. పూర్వము అడుగునుండి చిప్పలను తెచ్చి యిచ్చినవారు ఈ తల్లులే.

మా మేనల్లుడును నేనును పోయిన ముత్యపుతోట పేరుగన్న సంస్థది గాదు. తాతలనాటినుండి ఒక కుటుంబము నడపుకొనుచున్నది. యజమానురాలు డెబ్బది దాటిన వృద్ధురాలు. పడవ నడపువాడు ఆమె కుమారుడు. ముందుగా తెలియజేసి పోయిన యాత్రికుని ఇట్టి తోటలవారు ఆదరముతో లోనికి రానిత్తురు గాని, అది చూపుటకు పెట్టిన వింత గాదనియు, వారు పనిచేసికొనుచోటనియు మనము గుర్తుంచుకొనవలెను.

పడవ మొదట ఒక తెప్పప్రక్కన నిలిచెను. సుగి చెట్టు కొమ్మల కట్టలు తాళ్లతో నీటిలోనికి వ్రేలాడుచున్నవి. వేసవిలో పుట్టిన చిప్పపిల్లలు, కంటి కానని రూపమున కొన్ని వారములు నీటిలో తేలియాడి, ఏదైన ఆధారము తగులగానే దానికి అంటుకొనునట. ముండ్లవంటి ఆ యాకుల సందులు వానికి ఉయ్యాలలు. ఇప్పుడు ప్రజననశాలలనుండి పిల్లలను కొని పెంచువారును మెండు. అట్టి పిల్ల రెండుమూడేండ్లు వలబుట్టలలో పెరిగినగాని నాటునకు తగినది కాదు. అప్పుడును వెంటనే నాటరు. చిన్నకన్నుల బుట్టలో ఇఱుకుగా నించి, కొన్ని వారములు దాని ఉత్సాహమును తగ్గింతురు. లోపలి బీజములు ఖాళీయై, దేహము మందగించి, కత్తి తగిలినను త్రుళ్లిపడక, పెట్టిన పూసను కక్కివేయక యుండునట్లు చేయుదురు. శస్త్రచికిత్సకు ముందు రోగిని పస్తుంచుట మనకు తెలియనిదా!

గట్టున నీటిపైకి స్తంభములమీద నిలిచిన చెక్కశాలలో నలుగురు స్త్రీలు కిటికీవైపు మొగము పెట్టి కూర్చుండి నాటు వేయుచున్నారు. మాట లేదు, లోహపు పనిముట్టు పళ్లెమునకు తగులు సన్నని చప్పుడు మాత్రము. వృద్ధురాలు తన పీటపై కూర్చుండి ఒక చిప్పను తీసికొన్నది. రెండు చిప్పలనడుమ ముందే బిగించిన చిన్నమేకుచే అది వ్రేలిమందము తెఱచుకొని యున్నది. అంతకు మించి తెఱచినచో కండరము తెగి ప్రాణి చచ్చునట. ఆమె దానిని చిన్నపట్టుకఱ్ఱలో నిలిపి, చదునైన పుల్లతో మొప్పలను ప్రక్కకు తొలగించి, సన్నని కత్తితో ఒక గాటు పెట్టి, ఆ గాటునుండి బీజకోశము వఱకు సూదివంటి పనిముట్టుతో దారి చేసినది. పిమ్మట ప్రావారపు ముక్క. రెండుమూడు మిల్లీమీటర్ల చదరము, కంటి కగపడుటకై రంగు అద్దినది. దాని వెంట తెల్లని పూస. ముక్క పూసకు అంటుకొని యుండవలెను, అదియు పైకణములున్న వైపే తగులవలెను. తిరగబడినచో శ్రమ వ్యర్థము. గాటును సవరించి, మేకు లాగివైచినది. చిప్ప మెల్లగా మూసికొన్నది. నేను గడియారము చూచుచునే యుంటిని. ఒక నిమిషమైన పట్టలేదు. ఆమె చేతులు వణకలేదు. నేను మాత్రము చిప్ప మూసికొనువఱకు ఊపిరి పీల్చలేదు.

పళ్లెములోని పూసలను చూపి ఇవి దేనితో చేసినవని అడిగితిని. అమెరికాలోని మిసిసిపి నదీమండలమున దొఱకు దళసరి గుల్లలను కోసి, నూఱి, గుండ్రముగా తీర్చినవట. ఆ గుల్ల బరువును గుణమును ముత్యపు పూతకు సరిపడుటచేత, బెజ్జము వేయునప్పుడు ముత్యము పగులదు. జపాను కడలిలో పుట్టిన ముత్యపు గర్భమున అమెరికా నదిలోని గుల్ల యున్నదని విన్నప్పుడు, నా చిత్తమున నాయనమ్మ కథ ఏల మెదలినదో అప్పటికి నాకు తెలియలేదు.

నాటు పడిన చిప్పలను కొన్నివారములు కదలిక లేని నీటిలో పథ్యముంచి, కోలుకొన్న పిదప బయటి తెప్పలకు చేర్తురు. అచటనుండి ఏడాదిమొదలు రెండేండ్ల వఱకు సేవయే సేవ. చిప్పలపై నాచును, గుల్లపురుగులును పెరిగి వాని నోరు మూసివేయును. కావున కొద్దివారముల కొకమాఱు బుట్టలన్నియు పైకెత్తి కడుగుదురు. చిప్పను తొలుచు పురుగులను చంపుటకు చిక్కని ఉప్పునీటిలో ముంచి తీయుదురు. ఎండ తీవ్రమైనప్పుడు బుట్టలను లోతునకు దించుదురు; చలికాలమున నీరు మఱీ చల్లబడినచో వెచ్చని రేవులకు తెప్పలను తరలింతురు. ఇంత చేసినను నాటు పొందిన వానిలో సుమారు సగమే బ్రతుకును; మిగిలినవానిలో నూటికి ఐదు మాత్రమే మొదటితరగతి ముత్యము నిచ్చును. 1992లో ఈ యఖాతమున ఎఱ్ఱనీరు విజృంభించి చిప్పలను సంహరించెను. 1990 దశకపు నడుమనుండి కండరము ఎఱ్ఱబాఱు తెగులొకటి జపాను తోటలనన్నింటిని పీడించెను. 2019 వేసవిలో చిప్పపిల్లలు కుప్పలుగా చచ్చినవి. ఆ యేటి సంగతి చెప్పునప్పుడు యజమానురాలి కుమారుడు మా వంక చూడలేదు, నీటివంక చూచెను. అప్పు చేసి వేసిన పైరు ఎండిపోయినప్పుడు మన రైతు ఇట్లే చేనివంక చూచును.

కోత డిసెంబరు, జనవరి మాసములలో. దానికి కారణము ముత్యపు నిర్మాణముననే యున్నది. ముత్యపు పూత యనగా సున్నపు స్ఫటికముల సన్నని పలకలు, ఒక్కొక్కటి మిల్లీమీటరులో రెండువేలవవంతు మందమైన లేనివి, జిగురుతో అతికి గోడకట్టినట్లు పొరలు పొరలుగా పేర్చబడియుండుట. వెలుగు ఆ పొరలలో పలుమాఱులు ప్రతిఫలించి కలియుటచేతనే లోపలినుండి దీపము వెలుగుచున్నట్లు కాంతి పుట్టును. వేసవిలో చిప్ప త్వరత్వరగా పూయును. చలిలో మెల్లమెల్లగా, పలుచగా, నునుపుగా పూయును. ఆ కడపటి పూతయే ముత్యమునకు మెఱుగు. కోసిన ముత్యములను సమమైన వెలుతురులో, తెల్లనివస్త్రముపై పోసి, మెఱుపు, ఆకారము, రంగు, మచ్చ, పరిమాణము అను లక్షణములనుబట్టి విడదీయుదురు. తూచుటకు నేటికిని జపానువారి పాతతూకమైన మొమ్మె, అనగా 3.75 గ్రాములు, ప్రపంచమంతటను చెల్లుచున్నది. కోతలో ఏదియు పాఱవేయరు: కండరమును వేపుడు చేసి తిందురు, చిప్పలు అలంకారపు పనులకు పోవును. చంపిన చిప్పల ఆత్మశాంతికై కాషికోజిమాలో ఒక స్మారకశిలను గూడ నిలిపినారు.

ఈ చిన్నచిప్ప ప్రభావము మన హైదరాబాదు వఱకు ప్రాకినది. నిజాముల హారములలో మెఱసిన బస్రా ముత్యములు పారసీక సింధుశాఖలో బహ్రెయిన్, కువైట్ గజయీతగాండ్రు ప్రాణములొడ్డి తెచ్చినవి. 1920 దశకమున జపాను ముత్యము అంగళ్లలోనికి రాగా, పిదప లోకమంతటను ఆర్థికమాంద్యము కమ్ముకొనగా, ఆ గజయీతగాండ్ర బ్రతుకు కూలిపోయెను. ముత్యమునకు బెజ్జము వేయుటలో పేరుగన్న మన హైదరాబాదు పనివారు మాత్రము నిలిచిరి. నేడు పత్తర్‌గట్టీ అంగళ్లలో అమ్ముడుపోవు ముత్యములలో ఎక్కువభాగము చైనా మంచినీటి చెరువులలో పండినవి.  మనదేశమున తూత్తుకుడిలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థకు చెందిన కె. అలగరస్వామి 1973లో గుండ్రని పెంపుడు ముత్యమును సాధించెను.

మధ్యాహ్నమునకు ప్రక్కనున్న మతోయా అఖాతమునకు పోయితిమి. అది తినుటకు పెంచు ఆలుచిప్పలకు ప్రసిద్ధి. కోసిన చిప్పలను అతినీలలోహిత కిరణములచే శుద్ధిచేసిన సముద్రజలమున ఉంచి, లోపలి మలినము పోయినపిదపనే అమ్ముదురు. ఆలుచిప్ప యైనను ముత్యపుచిప్ప యైనను వేఱుగా మేత వేయువారు లేరు. పగలనక రాత్రియనక నీటిని వడగట్టుకొని, అందలి సూక్ష్మప్లవకములే ఆహారముగా బ్రతుకును. కావున నీరెట్టిదో చిప్ప అట్టిది.

సాయంకాలము మరల తోటకు వచ్చితిమి. వృద్ధురాలు నాచేత ఒక చిప్ప నుంచి తెఱువుమన్నది. కత్తి ఎక్కడ దూర్చవలెనో చూపినది. కండరము తెగునప్పుడు చేతికి తెలిసిన చిన్న కుదుపు ఇప్పటికిని నాకు జ్ఞప్తియందున్నది. మెత్తని మాంసములో వ్రేలు పెట్టి నొక్కగా, ఒక గట్టితనము జాఱి నా అరచేతిలో పడినది. కొంచెము పసుపు వన్నె, ఒకప్రక్క చిన్న గుంట. అంగడిలో దీనికి వెల రాదు. కాని దానిలో కిటికీ కనబడినది, కిటికీలో అఖాతము కనబడినది, అఖాతముపై క్రమ్ముకొని వచ్చు మబ్బు కనబడినది.

చినుకులు మొదలైనవి. వృద్ధురాలు లేచి వెలుపలికి వచ్చి ఆకాశమువంక చూచి ఏదో చెప్పినది. మా మేనల్లుడు నావైపు తిరిగి, "మామయ్యా, వాన కొద్దిగా పడితే మేలేనట. కొండమీది అడవి కడిగిన నీరు దిగివస్తే చిప్పలకు మేత పుడుతుందట. కుండపోతగా పడితేనే భయమట, పైనీటికి ఉప్పు తగ్గిపోయి చిప్పలు నీరసిస్తాయట" అనెను.

నేను ఆ వానలో నిలిచిపోయితిని. మియాగి సీమలో కెసెన్నుమా తీరమున షిగెఅత్సు హతకెయామా అను ఆలుచిప్పల పెంపకదారు, సముద్రము బాగుపడవలెనన్న నది పుట్టుచోట చెట్లు నాటవలెనని నిశ్చయించి, 1989లో తోడి జాలరులతో కొండ యెక్కి మొక్కలు నాటిన కథ నాకు గుర్తునకు వచ్చినది. అడవిలోని ఆకు కుళ్లి ఇచ్చు సారమును నది మోసికొనివచ్చి ప్లవకములకు పెట్టును. ప్లవకములు చిప్పకు అన్నమగును. కౌటిల్యుని అర్థశాస్త్రమున ముత్యపు జాతులకు తామ్రపర్ణికమని, చౌర్ణేయమని నదుల పేర్లు పెట్టియుండుట ఎందులకో నాకు అప్పుడు స్ఫురించినది. మా నాయనమ్మ చెప్పినది అబద్ధము గాదు. చినుకు చిప్పలోనికి రాక తప్పదు. అది తిన్నగా నోటబడక, చెట్టు వేరును, మన్నును, ఏటినీటిని, కంటి కానని ప్లవకమును దాటుకొని, చాలదూరము నడిచి వచ్చును. త్రోవలో ఏ ఒక్కచోట మనము దానిని చెడగొట్టినను, పాము నోటబడిన చినుకువలె అది విషమగును.

అగో అఖాతము దీనికే సాక్షి. వరిపొలములకై కట్టలు వేసి, ఆటుపోట్లకు తడియుచుండిన బురదనేలలను పూర్వులు పూడ్చివేయగా, నీటిని శుభ్రపఱచు జీవులు తఱిగిపోయినవి. తెప్పలు క్రిక్కిఱియగా అడుగున మడ్డి పేరినది. బీడుపడిన ఆ పొలముల తూములను తెఱచి మరల ఉప్పునీటిని లోనికి రానిచ్చు ప్రయత్నములు ఇప్పుడు జరుగుచున్నవి. అగోకు పోవు తెలుగుయాత్రికుడు ముత్యములు కొన్నను కొనకున్నను ఈ గట్టులను, ఆ కొండలను, వానిమీది అడవిని కూడ చూచి రావలెనని నా మనవి.

వాన జోరెక్కినది. కుమారుడు పడవ తీసెను; వృద్ధురాలు టోపీ త్రాడు గడ్డముక్రింద బిగించుకొని, కొడుకు చేయి పట్టుకొని పడవ యెక్కినది. మేము చూఱుక్రింద నిలిచి చూచుచుంటిమి. ఇరువురును తెప్పనుండి తెప్పకు పోవుచు, ఒక్కొక్క త్రాటిముడి విప్పి, ఒక్కొక్క బుట్టను మూరెడు మూరెడుగా లోతునకు దించుచుండిరి. నా పిడికిటిలో గుంటపడిన ఆ ముత్యము వెచ్చబడినది.